బతికి బయటపడ్డాక బతుకెట్లా?

(క్యాన్సర్ వైద్యం చేయించుకున్నవాళ్లూ, వాళ్ల ఇళ్లవాళ్లూ కూడిన సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు చాలామటుకు అట్లాగే ఉంచాం.)



ఇవాళ ఇక్కడికి రావటానికి మీలో చాలామంది ఒక రోజు కూలి పోగొట్టుకున్నారు. అందులోనూ మిరప కోతల రోజులు. కాబట్టి ఉపోద్ఘాతాలు లేకుండా సంగతిలోకే వస్తాం.

కొన్నేళ్లుగా మేం మన పేటల్లో క్యాన్సర్ వచ్చినవాళ్లను పట్నం ఆస్పత్రులకు తీసుకుపోతున్నాం. కార్డు చూపించటం, చీటీ రాయించటం, రక్తం ఇచ్చేవాళ్లను వెతకటం, వరండాలో పడుకోవటం, ఇదంతా మీకు తెలిసిందే. మాకు ఒకటే ధ్యాస ఉండేది: మనిషి బతకాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషనూ, కీమో, కరెంటు పెట్టటమూ మన జనానికి కొంతైనా అందుబాటులోకి వచ్చాయి. వైద్యం ముగిసి మనిషి ఇంటికొచ్చిన రోజుతో మా పని అయిపోయిందనుకునేవాళ్లం. అది తప్పు లెక్క అని మాకు నేర్పింది మన పేటల ఆడవాళ్లే.

ఒక అక్క సంగతి చెప్తాం. పేరు చెప్పం, ఊరూ చెప్పం. ఆ అక్కకు గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్. బయటనుంచి కరెంటు పెట్టారు, కీమో ఎక్కించారు, లోపల గొట్టం పెట్టి మళ్లీ కరెంటు ఇచ్చారు. కొన్ని నెలల తర్వాత చూసిన డాక్టరు జబ్బు కనపడటం లేదని రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని మేం బస్సులో నవ్వుకుంటా వచ్చాం. ఏడాది తిరక్కముందే ఆ అక్క పనికి పోవటం మానేసింది. ఎందుకు మానేసిందో ముఠా మేస్త్రికి చెప్పలేదు, అత్తకు చెప్పలేదు. మాలో మగవాళ్లం అడిగితే తల వంచుకుంది. మా బృందంలో పనిచేసే ఆడపిల్ల రెండు రాత్రులు ఆ ఇంట్లో పడుకుంటే అప్పుడు నోరు విప్పింది. "రోజుకు ఏడెనిమిదిసార్లు బయటికి పోవాల్సొస్తంది. మిరపతోటలో మరుగేడుంది? పెద్ద రైతు గట్టు మీద కూర్చుంటే ఊరుకుంటాడా? ఒక్కోసారి రక్తం పడతంది. ఇంట్లో ఆయన దగ్గరికొస్తే పానం పోయినంత నొప్పి. ఈ మాట ఎవరికి చెప్పుకోను?"

పొత్తికడుపుకు పెట్టే కరెంటు జబ్బును కాలుస్తుంది. దానిపక్కనే ఉన్న పేగునూ మూత్రసంచినీ కూడా తాకుతుంది. దాని చెడు కొందరికి నెలల్లో, కొందరికి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. యోని మార్గం బిగుసుకుపోవటమూ ఉంది. అది బిగుసుకుపోకుండా వాడుకునే సాధనాలున్నాయి, వాటిని తొందరగా మొదలుపెడితే మేలు. పేగు బాధకు మందులున్నాయి. ఆ అక్కకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. ఆమెను వెంటబెట్టుకుని పోయి అడిగితే "ప్రాణం దక్కింది కదమ్మా, ఇంకేం కావాలి" అన్నాడు డాక్టరు. ఆయన అబద్ధం ఆడలేదు. ప్రాణం దక్కింది. మాకు కోపం వచ్చిందల్లా ఆ ఒక్క మాటతో ఆమె నోరు మళ్లీ మూతపడినందుకు.

2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఒక ఏడాదిలో కొత్తగా క్యాన్సర్ వచ్చినవాళ్లు 14 లక్షల పైచిలుకు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లే 1 లక్షా 27 వేలమంది దాకా. ఎంతమందికి వచ్చింది, ఎంతమంది పోయారు అనే లెక్క కడుతున్నారు. మంచిదే. మిగిలినవాళ్లు ఎట్లా మిగిలారు? లేచి పనికి పోతున్నారా? అన్నం మింగుడుపడుతోందా? రాత్రి నిద్ర పడుతోందా? దీన్ని చదువుకున్నవాళ్లు జీవన నాణ్యత అంటారు. మనం బతుకు అంటాం. ఈ బతుకు మీద పరిశోధన జరగాలి, దానికి ప్రభుత్వం డబ్బు పెట్టాలి. ఇవాళ మేం చెప్పదలచుకున్నది ఇదే.

పరిశోధన అనగానే గాజుబుడ్డీ, తెల్ల ఎలుకా గుర్తొస్తాయి. ఈ పరిశోధనలో మొదటి పనిముట్టు ప్రశ్న. క్యాన్సర్ వచ్చినవాళ్ల బతుకు కొలవటానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నల కాగితం ఒకటుంది. క్యూఎల్‌క్యూ-సి30 అంటారు. ఐరోపా వాళ్లు తయారుచేసి 1993లో అచ్చువేశారు. ముప్ఫై ప్రశ్నలు. నొప్పి, నీరసం, వాంతి, నిద్ర, విరేచనం, దిగులు, అన్నీ అడుగుతుంది. అది చేసిన మేలు చిన్నది కాదు, రోగి చెప్పిన మాటకు అంకె ఇచ్చి డాక్టర్ల లెక్కలో కూర్చోబెట్టింది. కానీ మొట్టమొదటి ప్రశ్న వినండి. బరువైన బజారు సంచీనో సూట్‌కేసునో మోయటంలాంటి కష్టమైన పని చేయటానికి ఇబ్బందిగా ఉందా అని.

సూట్‌కేసు! (నవ్వులు) మనవాళ్లు మోసేది గడ్డిమోపు. ఇటుకల తట్ట. మిరపకాయల టిక్కీ. ఇంకోచోట మీ అభిరుచులకూ తీరిక వేళ వ్యాపకాలకూ అడ్డంకి కలిగిందా అని ఉంటుంది. ఇంకోచోట పేపరు చదవటానికో టీవీ చూడటానికో మనసు నిలబడుతోందా అని. డబ్బు ఇబ్బందుల గురించి ముప్ఫైలో ఒక్కటంటే ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు నాలుగు మెట్లు: లేదు, కొంచెం, బాగానే, చాలా ఎక్కువ. తాళి తాకట్టు పెట్టినామె ఏ మెట్టు మీద నిలబడాలి? పిల్లను బడి మాన్పించి పత్తి చేలోకి పంపినాయన ఏ మెట్టు మీద? అది తయారుచేసినవాళ్లను తిట్టటం మా ఉద్దేశం కాదు. వాళ్లు వాళ్ల జనాన్ని చూసి రాశారు. మన జనాన్ని చూసి రాయాల్సింది ఇక్కడివాళ్లు కదా.

మన దగ్గరికి పరిశోధన అసలు రాలేదా అంటే వచ్చింది. ఎట్లా వచ్చిందో కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుంది. 1966-67లో టాటా వాళ్ల పరిశోధన సంస్థనుంచి పంటి డాక్టర్లు వచ్చి అయిదు జిల్లాల్లో, అందులో శ్రీకాకుళం ఒకటి, 50 వేలమంది పైన పల్లెజనం నోళ్లు తెరిపించి చూశారు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వచ్చారు. పొగాకు మాన్పిస్తే నోటిలో మచ్చలు తగ్గుతాయని చూపించారు. గౌరవించదగ్గ పని. అయితే ఆ నోళ్లకు జబ్బు ముదిరి అంగిలి కోసేస్తే తర్వాత సంగతేమిటి? తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది. మాట ముక్కుతో వస్తుంది, పిల్లలు వెక్కిరిస్తారు. ఆ కంత మూయటానికి పళ్లసెట్టులాంటి బిళ్ల చేసి పెడతారు. అది వదులైతే మళ్లీ చేయించుకోవాలి. ఎక్కడ చేస్తారు, ఎన్నిసార్లు తిరగాలి, ఈలోగా ఏం తినాలి? నోటికి కరెంటు పెడితే ఉమ్మి ఊరదు. పొద్దంతా మిరపకాయలు కోసే మనిషి రాత్రికి కారం మెతుకు నోట పెట్టలేదు. మచ్చను లెక్కపెట్టినంత ఓపికతో ఈ బాధను కూడా లెక్కపెట్టాలని మేమడుగుతున్నాం.

ఇక ఖమ్మం. 2009లో గర్భాశయ క్యాన్సర్ రాకుండా వేసే టీకా మీద అధ్యయనం అని పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి సూదులు వేయించాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఆ పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆదివాసీ, దళిత పిల్లలు. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చోట ఎంతోమందికి వార్డెన్లూ హెడ్మాస్టర్లూ పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణ చేసినవాళ్లు ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చన్నారు, కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పన్నారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని మేం అనటం లేదు. ఆ టీకా వేసిన దేశాల్లో ఆ క్యాన్సర్ తగ్గింది, మన పిల్లలకూ అందాలి. మేం చెప్పేదల్లా ఆ పనికి మన పిల్లల జబ్బలు కావలసి వచ్చాయి, వాళ్ల అమ్మానాన్నల మాట మాత్రం అక్కర్లేకపోయింది అని.

ఇట్లాంటిది మనకొక్కరికే జరగలేదు. అమెరికాలో హెన్రియెటా లాక్స్ అని నల్లజాతి తల్లి ఉండేది. పొగాకు చేలో పనిచేసిన మనిషి. 1951లో ఆమెకూ ఇదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆస్పత్రిలో నల్లవాళ్లకు వేరే వార్డు. ఆమెను అడగకుండా ఆమె కణితిలోంచి ముక్క తీసి ప్రయోగశాలలో పెంచారు. ఆ కణాలు ఇప్పటికీ బతికి ఉన్నాయి, ఎన్నో మందులు, టీకాలు వాటి మీద పరీక్షించారు. ఆమె అదే ఏడాది అక్టోబరులో చనిపోయింది. రేడియం పెట్టాక ఇక పిల్లలు పుట్టరని ఆమెకు తెలిసింది వైద్యం మొదలైన తర్వాత. ముందే చెప్పి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదని ఆమె అన్నట్టు ఆస్పత్రి కాగితాల్లోనే ఉంది. ఆమె కణాలను వేల ప్రశ్నలు అడిగారు. ఆ తల్లిని ఒక్కటీ అడగలేదు.

మొన్న ఒక సమావేశంలో ఒక తమ్ముడు లేచి, "మనకు మందుబిళ్లకే దిక్కులేదు, ఆస్పత్రి వంద మైళ్లు, పరిశోధనకు డబ్బులడగటమేందన్నా, అది ఉన్నోళ్ల ముచ్చట కాదా" అన్నాడు. నిజంగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. చెప్తాం.

క్యాన్సర్ ఎముకలోకి పోతే వచ్చే నొప్పి మీలో కొందరు చూశారు. దానికి కరెంటు పెడితే తగ్గుతుంది. పది రోజులు పది సార్లు పెట్టే పద్ధతి ఉంది. ఒకే రోజు ఒకేసారి పెడితే నొప్పి అంతే తగ్గుతుందని అనేక దేశాల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది. కొందరికి తర్వాత మళ్లీ పెట్టాల్సి వస్తుంది, ఆ మాట దాచం. అయినా పది రోజులు పట్నంలో ఉండటానికీ ఒక్కరోజు పోయి రావటానికీ తేడా ఎంతో కూలి మనిషికి చెప్పాలా? రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను తర్వాత అయిదు వారాలు పెట్టే కరెంటును మూడు వారాలకు తెచ్చారు. 2020లో ఇంగ్లండు వాళ్లు 4 వేలమంది పైన చూసి, వారంలో అయిదుసార్లు పెట్టినా జబ్బు తిరగబెట్టటంలో తేడా లేదని తేల్చారు. ఆ పరిశోధనకు డబ్బు పెట్టింది అక్కడి ప్రభుత్వం. తమ్ముడూ, ఇది ఉన్నోళ్ల ముచ్చట కాదు. కారున్నవాడు మూడు వారాలైనా పోయి రాగలడు.

ఇంకోటి. ఒలాంజపిన్ అని మానసిక జబ్బులకు వాడే పాత మాత్ర. చవక. కీమో వాంతులకు 10 మిల్లీగ్రాములు ఇస్తే పనిచేస్తుంది కానీ మనిషి మత్తుగా పడి ఉంటుంది. ముంబయి టాటా ఆస్పత్రి వాళ్లు అందులో నాలుగోవంతు, రెండున్నర మిల్లీగ్రాములు ఇచ్చి చూసి, వాంతులు అంతే ఆగాయని, మత్తు తగ్గిందని 2024లో ప్రకటించారు. పుదుచ్చేరి జిప్‌మర్‌లో అదే రెండున్నర మిల్లీగ్రాముల మాత్రను 124 మంది మీద చేసిన అధ్యయనంలో చూశారు. మూడు నెలల్లో మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 60 మంది ఒళ్లు పట్టారు, వేసుకోనివాళ్లలో 9 మంది. ఆకలి పుట్టింది, అన్నం తిన్నారు. అది 2023లో అచ్చయింది. (డాక్టరు చెప్పకుండా మింగేది కాదిది, ఈ సభనుంచి నేరుగా మందుల షాపుకు పోకండి.) రెండూ మన దేశపు ప్రభుత్వ ఆస్పత్రుల్లో జరిగినవే. ఏ మందుల కంపెనీ అయినా ఈ పరిశోధనకు డబ్బు పెడుతుందా? ఎందుకు పెడుతుంది? పాత మాత్ర, నాలుగోవంతు మోతాదు, అమ్మితే వచ్చేదేముంది? నెలకు లక్షలయ్యే కొత్త సూదిమందు మనిషిని ఇంకో రెండు నెలలు బతికిస్తుందా అని తేల్చటానికి కంపెనీ డబ్బు కుమ్మరిస్తుంది. అమ్ముకోవటానికి ఏమీ లేని ప్రశ్నకు జనం డబ్బే దిక్కు. మనం సబ్బు కొన్నా పన్ను కడుతున్నాం. అది మన డబ్బు.

ప్రాణం ముందు, సుఖం తర్వాత అనేవాళ్లున్నారు. 2010లో అమెరికాలో బోస్టన్ వాళ్లు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మామూలు వైద్యంతో పాటు నొప్పి, ఆయాసం, దిగులు చూసే వైద్యం మొదటినుంచే ఇచ్చారు. వాళ్ల బతుకు మెరుగ్గా గడిచింది. అంతేకాదు, వాళ్లు సగటున పదకొండున్నర నెలలు బతికితే రెండోవాళ్లు తొమ్మిది నెలలకు లోపే. బాధ తీర్చటం ప్రాణానికి పోటీ కాదని ఇంకెంత గట్టిగా చెప్పాలి?

ఇప్పుడు నాట్ల సంగతి. రొమ్ము ఆపరేషనులో చంకలోని గడ్డలు తీసేస్తే కొందరికి చెయ్యి వాస్తుంది. బరువు ఎత్తొద్దు, చేతికి గాయం కానీయొద్దు అని చెప్పి పంపుతారు. నాటు వేసే మనిషికి, కలుపు తీసే మనిషికి ఈ మాట చెప్పటమంటే తినొద్దని చెప్పటమే. మన ఆడవాళ్లు మూడు నెలలు చూసి, నాలుగో నెల వాచిన చెయ్యితోనే మడిలో దిగుతున్నారు. ఖమ్మంలో సూదులు వేసిన అదే 2009లో, అమెరికాలో ఫిలడెల్ఫియా వాళ్లు 141 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. చెయ్యి వాచినవాళ్లకు మెల్లమెల్లగా, నేర్పేవాళ్లను పక్కన పెట్టి, బిగుతు చేతొడుగు తొడిగి బరువులు ఎత్తటం అలవాటు చేశారు. వాపు పెరగలేదు. పైగా వాపు ఉన్నట్టుండి ముదిరిపోవటం తగ్గింది. అంటే బరువెత్తొద్దు అనే మాట వేదవాక్కు కాదు! కానీ వాళ్లు ఎత్తింది వ్యాయామశాలలో ఇనుప బరువులు. మోకాలి లోతు బురదలో, పొద్దుటినుంచి సాయంత్రందాకా వంగి, గోళ్లలో మన్నుతో, ఎరువు నీళ్లలో ఉండే చెయ్యికి ఏది మంచిదో ఫిలడెల్ఫియా ఎట్లా చెప్తుంది? ఎన్ని గంటలు చేయవచ్చు, ఏ తొడుగు తడిసినా పనికొస్తుంది, ఎన్ని రోజులకు మొదలుపెట్టవచ్చు, ఇది మన పొలంలో, మన చెయ్యి చూసి తేల్చాల్సిన సంగతి. కోట్లు అక్కర్లేదు దీనికి. అడగాలన్న బుద్ధి కావాలి, నాలుగేళ్లపాటు జీతాలిచ్చే పద్దు కావాలి.

అందుకని మేం అడిగేదేమంటే, క్యాన్సర్ పరిశోధనకు కేంద్రం ఇచ్చే డబ్బులో పది రూపాయలకు రెండు రూపాయలైనా వైద్యం జరిగేటప్పటి, జరిగిన తర్వాతి బతుకు మీద ఖర్చు పెట్టాలని. దళిత పేటలకు ఇవ్వాల్సిన సబ్‌ప్లాన్ డబ్బు ఇందులోకి మళ్లించి మా నెత్తిన చెయ్యి పెడితే మాత్రం ఒప్పుకోం. 2013లో ఆ చట్టం తెచ్చుకున్నది రోడ్లకూ పైవంతెనలకూ పోతున్న డబ్బు ఆపటానికే.

డబ్బు వస్తే చాలదు, ఖమ్మం మళ్లీ జరగకూడదు. ఏ ప్రశ్న ముందు అడగాలో రోగులూ ఇంటివాళ్లూ కూర్చుని తేల్చాలి. 2018లో బ్రిటన్‌లో అట్లా చేశారు, రోగులూ వాళ్లను చూసుకునేవాళ్లూ డాక్టర్లూ కలిసి, వైద్యం తర్వాతి బతుకు గురించి ముందు తేల్చాల్సిన ప్రశ్నల జాబితా రాశారు. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు? అడగటానికి వచ్చే మనిషి మన భాష మాట్లాడాలి, ఆడవాళ్ల సంగతి అడగటానికి ఆడమనిషే రావాలి, మన పేటల్లో పది చదివిన పిల్లలకు ఆ పని నేర్పి జీతమివ్వాలి. ఒక పూట ప్రశ్నలడిగితే ఒక పూట కూలి కట్టివ్వాలి. కులం రాసుకోవాలి. కులం రాసుకుంటే విడదీసినట్టంటారు కొందరు పెద్దమనుషులు. విడదీసి చాలాకాలమైంది, లెక్క రాయటమే బాకీ. తేలిందేమిటో పుస్తకంలో అచ్చువేసుకుని పోకుండా, తిరిగొచ్చి అడిగిన అరుగు మీదే నిలబడి చదివి వినిపించాలి.

ఈలోగా మనం ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఆ బిస్కెట్ల పెట్టె పక్కన నోటు పుస్తకాలున్నాయి, పేటకొకటి తీసుకుపోండి. వైద్యం చేయించుకున్నవాళ్లు ఏం అడగాలనుకుంటున్నారో వాళ్ల మాటల్లోనే రాయండి. పేరు వద్దు. ఏ క్యాన్సర్, ఏ వైద్యం, ముందు ఏ పని చేసేవాళ్లు, ఇప్పుడేం చేస్తున్నారు, అప్పటి కూలి, ఇప్పటి కూలి, అంతే. రాయటం రానివాళ్లు ఎనిమిదో తరగతి పిల్లతో రాయించండి, ఆడవాళ్ల మాటలు మాత్రం ఆడపిల్లతోనే. మొదటి పుస్తకంలో ఇప్పటికే పద్నాలుగు ప్రశ్నలున్నాయి. మొదటిది ఇందాక చెప్పిన అక్కది. "నేను నీళ్లు తాగటం తగ్గిస్తే పొలంలో తక్కువసార్లు లేవాల్సొస్తందా, లేకపోతే అది ఇంకా చెడా?" దీనికి జవాబు మా దగ్గర లేకపోతే, పోయిన వారం రాసుకుని ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. నీళ్లు మాత్రం తగ్గించొద్దు అంది. తర్వాత కాసేపు ఆగి, కాగితం, పెన్నూ తీసుకుని, ఆమె రోజుకు ఎన్నిసార్లు లేస్తోందో, ఏం తిన్న రోజు ఎక్కువవుతోందో నెల రోజులు రాసి తెమ్మంది. ఆ అక్క రాస్తోంది. ఇవాళ్టికి పదకొండో రోజు.